కరువు నేలలో క్రైస్తవ విశ్వాసం: అనంతపురం పీఠభూమి

ఆంధ్రప్రదేశ్ నైరుతి మూలన, కర్ణాటకను ఆనుకుని ఉన్న అనంతపురం పీఠభూమిలో పందొమ్మిదో శతాబ్దం నుంచి క్రైస్తవ సంఘాలు ఉన్నాయి. వాటి చరిత్ర ఇక్కడి కరువుల చరిత్రతో పెనవేసుకుపోయింది. దేవుడు మంచివాడైతే ఇంత బాధ ఎందుకన్న ప్రశ్నను ఐరోపా వేదాంతులు పెద్ద పెద్ద గ్రంథాల్లో తర్కించారు. ఇక్కడి విశ్వాసులకు అది ఏటా తొలకరి రోజుల్లో మొగులు వైపు చూసినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న. వాళ్లు చెప్పుకున్న జవాబుల్లో తర్కం తక్కువ. దేవుడి ముందు మొర పెట్టుకోవడం, ఉన్నదాంట్లోనే పక్కింటికి ఇంత పెట్టడం ఎక్కువ. అనంతపురం జిల్లా దక్షిణ భాగం 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాగా విడిపోయింది. ఈ వ్యాసంలో అనంతపురం అంటే పాత ఉమ్మడి జిల్లా.

నేల, వాన

ఈ పీఠభూమి పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి మేఘాలు కనుమలకు అవతలే చాలావరకు కురిసేస్తాయి. ఈశాన్యపు వాన తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి డీలా పడిపోతుంది. ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనన్న మాట పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది. పెన్న, చిత్రావతి, వేదవతి ఏడాదిలో చాలా నెలలు వట్టి ఇసుక. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ కట్టింది ఈ ఎండిన పెన్న ఒడ్డు బతుకు మీదే.

ఎర్ర నేలల్లో ప్రధాన పంట వేరుశనగ. ఊళ్లో దాన్ని శనక్కాయ అంటారు, బుడ్డలు అంటారు. ఇక్కడి కష్టం ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ మొక్కను కొంచెం దగ్గరగా చూడాలి. విత్తిన నెల తిరిగేసరికి పూత వస్తుంది. పూసిన చోట నుంచి ఊడలు కిందికి దిగి మట్టిలోకి గుచ్చుకుంటేనే లోపల కాయ ఊరుతుంది. సరిగ్గా ఆ రోజుల్లో బెట్ట వస్తే పైమట్టి గట్టిపడి ఊడ లోపలికి పోదు. చేను పచ్చగానే ఉంటుంది. దారిన పోయేవాళ్లు పంట బాగుందనే అనుకుంటారు. పీకి చూస్తే వేళ్ల దగ్గర ఏమీ ఉండదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన ఒక్క రాత్రిలో ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. దాన్ని దేశమంతా చూసింది. అనంతపురం కరువు అలా రాదు. అప్పు తీరకముందే ఇంకో ఏడాది, బోరు ఎండితే ఇంకో బోరు, అలా మెల్లగా మెడకు చుట్టుకుంటుంది. ఒక్క దెబ్బకు తట్టుకుని నిలబడే విశ్వాసం వేరు, ఏళ్ల తరబడి అరిగిపోతూ నిలవాల్సిన విశ్వాసం వేరు. ఇక్కడి సంఘాలకు అవసరమైంది ఆ రెండోది.

ధాత కరువు

1876లో రెండు రుతుపవనాలూ మొహం చాటేశాయి. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి దాన్ని ధాత కరువు అన్నారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. ఈ ప్రాంతమంతా బళ్లారి జిల్లాలో ఉండేది, 1882లో గానీ విడిపోలేదు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య బళ్లారి జిల్లా జనాభా దాదాపు ఐదో వంతు తగ్గింది. కరువు పనుల్లో కూలికి రోజుకు ఒక పౌండు గింజలు, చేతి ఖర్చుకు అణా చాలని 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. ఎండలో రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ గట్టిగా ఎదురుతిరిగాడు. ఈ వాదన వేదాంతం పుస్తకాల్లో కనబడదు. కానీ బాధకు మూలం దేవుడా, మనుషుల లెక్కలా అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు. వాన రాకపోవడం ఆకాశం పని. ఒక పౌండు దగ్గర గీత గీసింది ఒక అధికారి కలం.

తెలుగు నేల మీద ఆ కరువుతో ఎక్కువగా ముడిపడిన క్రైస్తవ ఘట్టం ఒంగోలుది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వే కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. కూలికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం అడిగినవాళ్లకు కరువు సాయం ముగిసేదాకా ఇవ్వనని ఆపేశాడు. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట పడకూడదని ఆయన జాగ్రత్త. ఆపింది వదిలాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంత జాగ్రత్తపడ్డా ఆ మాట రానే వచ్చింది, ఇప్పటికీ వస్తూనే ఉంది. అన్నం కోసం చేరినవాడి విశ్వాసం నకిలీదన్న తీర్పులో ఒక తిరకాసు ఉంది. యోహాను సువార్త ఆరో అధ్యాయంలో జనం యేసును వెతుక్కుంటూ వచ్చింది రొట్టెలు తిన్నందుకే. ఆయన ఆ సంగతి వాళ్ల మొహానే అన్నాడు. కానీ అంతకుముందే వాళ్లకు కడుపు నిండా పెట్టాడు. ఆకలి తీర్చడం ఒకటి, విశ్వాసం ఇంకొకటి అని గిరిగీయడం కడుపు నిండినవాళ్లకే సులువు.

అనంతపురం వైపు పని లండన్ మిషనరీ సొసైటీది. బళ్లారిలో 1810 నుంచి, కడపలో 1820ల నుంచి ఆ సొసైటీకి కేంద్రాలున్నాయి. ధాత కరువు తర్వాత 1880ల్లో గుత్తి కూడా కేంద్రమైంది. ఒంగోలులాగా ఇక్కడ వేలమంది ఒక్కసారిగా రాలేదు. ఒక పల్లెలో బడి, అందులో పంతులు, ఆ పంతులే ఆదివారం ప్రార్థన నడిపించడం, ఇలా నెమ్మదిగా సంఘాలు ఏర్పడ్డాయి. వాటిలో ఎక్కువమంది మాలపల్లెల, మాదిగపల్లెల జనం. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ సంఘాలు అందులో చేరి, తర్వాత రాయలసీమ డయోసిస్ కిందికి వచ్చాయి. కథోలిక సంఘాలు 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం కిందికి వస్తాయి.

కరువు ఎవరి పాపం?

వాన పడకపోతే ఊరంతా ఏదో ఒకటి చేస్తుంది. గుడి దగ్గర విరాటపర్వం చదివిస్తారు, పిల్లలు కప్పను కావడికి కట్టి ఇంటింటికీ తిప్పుతారు, ముస్లింలు ఊరి బయట నమాజు చేస్తారు. సంఘంలో ఉపవాస ప్రార్థన పెడతారు. అక్కడ అయ్యగారు ఏ వాక్యం తీస్తారన్నదాన్ని బట్టి అసలు వేదాంతం బయటపడుతుంది.

బైబిల్లోనే రెండు దారులున్నాయి. ద్వితీయోపదేశకాండం ప్రకారం ఆజ్ఞలు మీరిన జనానికి ఆకాశం ఇత్తడిలా బిగుసుకుపోతుంది. సొలొమోను ఆలయ ప్రతిష్ఠ ప్రార్థనలోనూ వాన ఆగడానికి కారణం పాపమే. ఈ దారిలో వెళ్లే బోధకుడు కరువును శిక్షగా చెప్పి మారుమనస్సుకు పిలుస్తాడు. అలాంటి ప్రసంగాలు ఈ సీమలో తక్కువేం కాదు. వాటికి జనంలో పట్టు ఉండటానికి కారణం కూడా ఉంది. శిక్ష అనుకుంటే కనీసం దానికి ఒక లెక్క ఉంటుంది, మనం మారితే అదీ మారుతుందన్న ఆశ ఉంటుంది. ఏ లెక్కా లేని కష్టాన్ని మోయడం అంతకన్నా బరువు.

రెండో దారి, తప్పేమీ లేకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబుది. అతని స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు మొదట ఏడు రోజులు అతని పక్కన నేల మీద నోరు మెదపకుండా కూర్చున్నారు. నోరు తెరిచాక మాత్రం శిక్ష సిద్ధాంతమే వల్లించారు. పుస్తకం చివర దేవుడు కోపగించింది దేవుణ్ణి నిలదీసిన యోబు మీద కాదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఈ స్నేహితుల మీద. సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది మిగతావాళ్లకన్నా పాపులు కారని యేసు అన్నాడు. పుట్టుగుడ్డివాడి విషయంలోనూ పాపం ఎవరిదన్న ప్రశ్ననే తోసిపుచ్చాడు. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వాన కురిపించే దేవుడి గురించి కొండమీది ప్రసంగంలో చెప్పాడు. ఈ మాట వింటే అనంతపురం రైతు తప్పకుండా ఇంకో ప్రశ్న వేస్తాడు: మరి ఇద్దరి మీదా కురవనప్పుడో?

శిక్ష సిద్ధాంతం ఇక్కడ పొసగకపోవడానికి పుస్తకంలో లేని కారణం ఒకటుంది. కరువు అందరికీ ఒకేలా రాదు. లోతు బోరు వేయగలిగినవాడు దానిమ్మ, చీనీ తోటలు నిలబెట్టుకుంటాడు. వానమీదే ఆధారపడిన రెండెకరాల రైతు అప్పులపాలవుతాడు. భూమే లేని కూలి బెంగళూరు బస్సెక్కుతాడు. సంఘాల్లో ఎక్కువమంది ఈ మూడో వర్గం. పాపానికి ఫలమే కరువైతే, సెంటు భూమి కూడా లేనివాడి పాపమే అందరికన్నా పెద్దదై ఉండాలి. ఈ లెక్క తప్పని చెప్పడానికి సెమినరీ చదువు అక్కర్లేదు.

మొర పెట్టడం

కష్టంలో విశ్వాసి దేవుణ్ణి స్తుతించాలి తప్ప సణగకూడదని చాలామంది అనుకుంటారు. బైబిలు అలా అనదు. కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొరలే. ఇంకెంతకాలమని అడిగేవి, నిద్రపోతున్నావా అని దేవుణ్ణే నిలదీసేవి. యిర్మీయా పద్నాలుగో అధ్యాయం కరువు వర్ణనతోనే మొదలవుతుంది. నీళ్లకు పోయినవాళ్లు ఖాళీ కుండలతో తిరిగిరావడం, రైతులు తల మీద గుడ్డ కప్పుకోవడం, ఈనిన దుప్పి గడ్డి లేక పిల్లను వదిలేసి పోవడం అందులో ఉన్నాయి. రాసినవాడు యూదా దేశస్థుడైనా, చదివితే కళ్యాణదుర్గం వైపు మనిషి రాసినట్టే ఉంటుంది.

ప్రవక్త ఏలీయా కథ మీద ప్రసంగాలు సాధారణంగా సారెపతు విధవ పిండి తొట్టి దగ్గరికి పరుగెత్తుతాయి. ఆ పిండి తరిగిపోలేదు, నిజమే. దానికి ముందున్న ఒక్క వాక్యాన్ని చాలామంది దాటేస్తారు. దేవుడే చెప్పి పంపిన కెరీతు వాగు, దేవుడి ప్రవక్త నీళ్లు తాగుతున్న వాగు, ఎండిపోయింది. దేవుడు చూపించిన చోటే బోరు ఎండిపోవచ్చన్నమాట. అలా ఎండినంత మాత్రాన దేవుడు వదిలేసినట్టు కాదనేదే ఆ కథ ఇచ్చే ధైర్యం. రూతు గ్రంథం కూడా కరువుతోనే మొదలవుతుంది. నయోమి కుటుంబం పొట్ట చేతపట్టుకుని మోయాబుకు వలసపోయింది. భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుని తిరిగొచ్చిన ఆమె, దేవుడు తనకు చేదు మిగిల్చాడని ఊరి ఆడవాళ్ల ముందే అంది. ఆ మాటకు ఆమెను ఎవరూ మందలించలేదు.

ఈ మొరకు తెలుగు సాహిత్యంలోనూ చోటుంది. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువ, 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో అంటరాని మనిషి గోడును గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి చెప్పి పంపాడు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కవి ఆయన. దేవుడి పేరు ఏదైనా, ఆయన గుమ్మం ముందు నిలబడి లెక్క అడగడం భక్తికి విరుద్ధం కాదని ఆ కావ్యం చూపించింది. దళిత వేదాంతం 1980ల్లో బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ ఉపన్యాసంతో రూపు దిద్దుకోవడానికి చాలా ముందే ఈ పని జరిగింది.

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సంఘాల్లో సిలువ మీది ఏడు మాటల ధ్యానం జరుగుతుంది. ఒక్కో మాట మీద ఒక్కొక్కరు మాట్లాడతారు. అది మార్చిలోనో ఏప్రిల్లోనో వస్తుంది కాబట్టి రేకుల కప్పు గుడిలో మండే ఎండ, ఉపవాసంతో ఎండిన నోళ్లు. నాలుగో మాట, అంటే చేయి విడిచావేమని కొడుకు తండ్రిని అడిగిన మాట, ఎవరి వంతుకు వస్తే వాళ్లు చాలా జాగ్రత్తగా మాట్లాడతారు. మార్టిన్ లూథర్ సిలువ వేదాంతానికీ, 1972లో జర్మన్ వేదాంతి యుర్గెన్ మోల్ట్‌మాన్ రాసిన సిలువ వేయబడిన దేవుడి పుస్తకానికీ కేంద్రం ఈ మాటే. దేవుడు బాధకు బయట నిలబడి చూసేవాడు కాడని వాళ్లన్నారు. ఐదో మాట దాహానిది. దాన్ని ఈ జిల్లాలో వివరించి చెప్పాల్సిన పని లేదు.

ఫాదర్ ఫెర్రర్

అనంతపురంలో దేవుణ్ణి నమ్మడం, కరువుతో పోరాడడం ఒకే మనిషిలో కలిసిన సందర్భం చెప్పమంటే ఎవరైనా విన్సెంట్ ఫెర్రర్ పేరే చెబుతారు. ఆయన 1920లో బార్సిలోనాలో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో కుర్రవాడిగా సైన్యంలో పనిచేసి, ఓడిన పక్షాన నిర్బంధ శిబిరం చూసి, తర్వాత జెసూట్ సభలో చేరాడు. 1952లో ఇండియాకు వచ్చి మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులతో బావులు తవ్వించాడు. అది పెద్దవాళ్లకు గిట్టలేదు. 1968లో దేశం విడిచి వెళ్లమన్నారు. వేల మంది రైతులు ఆయన కోసం రోడ్డెక్కారు. మరుసటి ఏడాది తిరిగొచ్చి, ఎవరూ పోని చోటుగా పేరుపడ్డ అనంతపురం చేరాడు. ఆ తొలి రోజుల్లో ఖాళీ ఇంటి గోడ మీద అద్భుతం కోసం ఎదురుచూడమని చెప్పే కాగితం ఒకటి కనబడిందని ఆయన అనుచరులు చెప్పుకుంటారు. ఎదురుచూస్తూ కూర్చునే రకం కాదు ఆయన. 1970లో సభ నుంచి బయటికొచ్చి ఇంగ్లండుకు చెందిన విలేకరి ఆన్ పెర్రీని పెళ్లాడాడు. ఇద్దరూ కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నడిపారు.

జిల్లాలో దాన్ని ఆర్‌డీటీ అనే అంటారు. కుంటలు, చెక్‌డ్యాంలు, పక్కా ఇళ్లు, బడులు, బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లు ఆసుపత్రులు దాని పనులు. మతంతో నిమిత్తం లేకుండా నడిచిన సంస్థ అది. లబ్ధి పొందినవాళ్లలో ఎక్కువమంది హిందువులు. మతం మారమని ఎవర్నీ అడగలేదు. కానీ ఫెర్రర్ దైవకృప గురించి మాట్లాడటం ఎన్నడూ మానలేదు. బాధ ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం కన్నా దాన్ని తగ్గించే పనిలో దేవుణ్ణి వెతకాలన్నది ఆయన పట్టు. ఈ పట్టుకు ఒక ఇబ్బంది ఉంది. చేయడానికి ఏ పనీ మిగలని కష్టాలుంటాయి. నయం కాని జబ్బు, పోయిన బిడ్డ. అక్కడ కార్యాచరణ వేదాంతం కొంచెం మూగబోతుంది. ఆయన 2009 జూన్ 19న అనంతపురంలో కన్నుమూశాడు. బత్తలపల్లిలో సమాధి చేశారు. పల్లెల్లో చాలా ఇళ్లలో దేవుళ్ల పటాల పక్కన ఆయన ఫొటో ఉంటుంది.

ఉరితాడు ముందు సంఘం

1990ల చివరి నుంచి రైతుల ఆత్మహత్యలకు అనంతపురం పేరు దేశమంతా వినబడింది. సంఘాలకు ఇది అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. ప్రాణం దేవుడిది, తీసుకునే హక్కు మనిషికి లేదన్నది పాత బోధ. ఆత్మహత్య చేసుకున్నవాళ్లకు సంఘ లాంఛనాలతో అంత్యక్రియలు జరపకూడదని 1917 నాటి కథోలిక ధర్మసూత్రాలు చెప్పాయి. 1983లో సవరించినప్పుడు ఆ నిషేధం తీసేశారు. ప్రొటెస్టంటు సంఘాల్లో ఇలాంటి రాతపూర్వక నియమం కన్నా ఊరి పాస్టరు మనసే ముఖ్యం. ఒకచోట ఆదరణ కూడిక పెట్టి, బాకీల వాళ్లు వచ్చే రోజు విధవరాలి పక్కన సంఘపెద్దలు కూర్చుంటారు. ఇంకోచోట సమాధి దగ్గరే నరకం మీద ప్రసంగం చేస్తారు. రెండో రకం ప్రసంగం యోబు స్నేహితుల వారసత్వం. వాళ్లు మాట్లాడకుండా గడిపిన మొదటి ఏడు రోజుల వారసత్వం మొదటిది.

విశ్వాసం చాలక కష్టం వచ్చిందనే సమృద్ధి బోధ టీవీ చానళ్లతో పల్లెలకూ చేరింది. కానుక వేస్తే అప్పు తీరుతుందన్న మాట అప్పుల జిల్లాలో ఎంత తేలిగ్గా చెల్లుతుందో చెప్పనక్కర్లేదు. దీనికి పూర్తి భిన్నమైన ధోరణి సువార్తికుడు భక్త్ సింగ్‌ది. ఆయన 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను అనే ఆరాధన కేంద్రాన్ని స్థాపించాడు. ఆయన సహవాసాల్లో అవసరాన్ని మనుషులకు చెప్పకుండా దేవుడికే చెప్పుకుని కనిపెట్టుకుని ఉండటం సేవకుల క్రమశిక్షణ. కష్టం రాదన్న హామీ అందులో లేదు.

పిడికెడు బియ్యం

సిద్ధాంతాల కన్నా ఎక్కువకాలం నిలిచినవి కొన్ని ఆచారాలు. తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఇంటి ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి తెస్తారు. పోగైన బియ్యం అమ్మి సంఘానికి ఖర్చుపెడతారు, లేదా ఇంట్లో పొయ్యి వెలగనివాళ్లకు ఇస్తారు. 1950ల మొదట్లో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టిన కరువును జనం గంజి కరువు అని పిలిచారు. అలాంటి ఏళ్లలో పిడికెడు తీయడమంటే ఇంట్లో ఎవరో ఒకరి ముద్ద తగ్గడమే.

కోతల పండుగ ఇంకో ఆచారం. తొలి పంట తెచ్చి బల్ల ముందు పెడతారు. శనక్కాయ చెట్లు, గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్లు కట్టేసిన కోడి. ఆరాధన అయ్యాక వేలం పాట ఉంటుంది. ఒక గుమ్మడికాయ పాటలో దాని ధరకు నాలుగింతలు పోతుంది, కొన్నవాడే దాన్ని మళ్లీ సంఘానికి ఇచ్చేస్తాడు, మళ్లీ పాట పెడతారు. నవ్వులు, కేకలు. పంట పోయిన ఏడు కూడా పండుగ ఆపరు. అంజూరపు చెట్టు పూయకపోయినా, సాలల్లో పశువులు లేకపోయినా దేవుడిలో ఆనందిస్తానన్న హబక్కూకు భాగాన్ని ఆ ఏడు ఎక్కువగా చదువుతారు. ప్రవక్త ఆ మాట అన్నది పుస్తకం చివర. దేవుడా, ఎందుకు వినవు అని మొదటి అధ్యాయంలో కొట్లాడాక అన్నాడు. మొదటి అధ్యాయం చదవకుండా మూడోది చదివించడం జనాన్ని త్వరగా నోరుమూయించడమే అవుతుంది.

లెక్కల్లో లేని సంఘం

జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లాలో క్రైస్తవులు ఒక్క శాతానికి లోపే. నిజానికి ఎంతమందో ఆ లెక్క చెప్పదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే ఉండేది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన దళితులు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. అందుకే ఆదివారం గుడికి వెళ్లే చాలా కుటుంబాలకు కాగితం మీద వేరే మతం ఉంటుంది. హింస కాలంలో విశ్వాసాన్ని బాహాటంగా ఒప్పుకున్నవాళ్లే ఆదిమ సంఘానికి ఆదర్శం. పిల్లల చదువుకూ, ఇంటి స్థలానికీ ఆ ఒప్పుకోలు అడ్డుపడే చోట ఆ ఆదర్శాన్ని ఎంత ఖచ్చితంగా అడగాలన్నది సంఘాల్లో తెగని వాదన. బయటి నుంచి తీర్పు చెప్పేవాళ్లు ఆ సర్టిఫికెట్ విలువ ఎంతో ముందు తెలుసుకోవాలి.

వలస ఈ సంఘాల ఆకారాన్నే మార్చింది. జాతీయ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే ప్రారంభించారు. పథకం కొంత ఆసరా ఇచ్చినా బెంగళూరు బస్సులు ఖాళీగా పోవడం లేదు. ఈస్టరుకు ముందు శ్రమకాలపు నలభై రోజులు వచ్చేసరికి చాలా పల్లెల్లో ప్రార్థనకు మిగిలేది ముసలివాళ్లు, బడి పిల్లలు. మేస్త్రీ పనికి, భవనాల దగ్గర కాపలాకు పోయినవాళ్లు బెంగళూరు శివార్లలో ఏదో ఒక తెలుగు ఆరాధనలో కలుస్తారు. క్రిస్మస్‌కు తిరిగొస్తారు. ఊళ్లో గుడికి కొత్త రేకులు వేయించడానికీ, కోతల పండుగ వేలంలో గుమ్మడికాయ పాట పెంచడానికీ ఇప్పుడు ఎక్కువగా ఆ కూలి డబ్బే ఆధారం.